పాపాయికి పన్ను ఎప్పుడు వస్తుంది?

పిల్లలూ, మీ ఇంట్లో చంటిపాప ఉంటే ఇలాటి మాటలు మీరు వినే ఉంటారు.

"ఏడో నెల కూడా వెళ్ళింది. మనవడికి పన్ను జాడే లేదేమిటి?" అంటుంది నాయనమ్మ.

"ఎదురింటి వాళ్ళ పాపకు ఐదో నెలలోనే రెండు వచ్చాయిట!" అంటుంది పిన్ని.

"వీడి నాన్నకు ఏడాది నిండాకనే వచ్చింది మొదటి పన్ను. ఇప్పుడు చెరుకుగడ పళ్ళతో చీల్చటం లేదూ?" అంటాడు తాతయ్య.

అమ్మ మాత్రం ఏమీ అనదు. కాని ఆ రాత్రి పాపను ఒళ్ళో వేసుకుని, దీపం దగ్గరగా కూచుని, చిగుళ్ళు మెల్లిగా తడిమి చూస్తుంది. తన పాలు చాలటం లేదా, తన తిండిలో ఏదన్నా లోపమా అని ఆమెకు లోపల బెంగ.

ఈ నలుగురిలో ఎవరి మాట నిజం? పన్ను ఆలస్యమైతే భయపడవలసింది ఉన్నదా? ఈ సంగతి కాస్త వివరంగా తెలుసుకుందాం. అమ్మకూ చదివి వినిపించండి.

పన్ను పుట్టేది ఎక్కడ?

పన్ను చిగురు మీద కనపడిన రోజునే అది పుట్టిందని మనం అనుకుంటాం. నిజానికి దాని పుట్టుక చాలా ముందే జరిగిపోయింది. తల్లి కడుపులో బిడ్డకు ఆరు వారాలు నిండేసరికి, ఆ బిడ్డ ఒక అంగుళం పొడవైనా లేనప్పుడే, దవడలు కాబోయే చోట సన్నని పట్టీ లాటిది ఏర్పడుతుంది. ఆ పట్టీ మీద మొగ్గలు తొడుగుతాయి. అవే పాలపళ్ళ మొగ్గలు. పై దవడలో పది, కింది దవడలో పది.

నాలుగో నెలలో ఆ మొగ్గలు గట్టిపడటం మొదలుపెడతాయి. లోపల డెంటిన్ అనే గట్టి పదార్థం, దానిమీద పింగాణి పొర ఏర్పడుతూ వస్తాయి. మన ఒంట్లో ఈ పింగాణి కన్న గట్టి పదార్థం మరొకటి లేదు. పాప పుట్టేనాటికి ఇరవై పాలపళ్ళూ, కొన్ని సగమూ, కొన్ని ముప్పాతికా తయారై, దవడ ఎముకలో దాగి ఉంటాయి. పాప బోసినవ్వు నవ్వుతున్నప్పుడు ఆ చిగుళ్ళ కింద ఇరవై పళ్ళు వంతు కోసం కాచుకుని ఉన్నాయన్నమాట!

తరవాత పన్నుకు వేరు పెరుగుతుంది. పన్ను కొద్ది కొద్దిగా పైకి జరుగుతుంది. దారిలో ఉన్న ఎముక కరిగి దారి ఇస్తుంది. పైనున్న చిగురు పలచబడి తొలుగుతుంది. ఒకనాడు అమ్మ ఉగ్గు పెడుతూ ఉండగా గిన్నె అంచుకు ఏదో "టిక్కు" మని తగులుతుంది. ఇంటిల్లిపాదికీ అది పండగ.

కనక ఆలస్యంగా వచ్చిన పన్ను ఆలస్యంగా పుట్టిందని కాదు; బయటికి రావటం మాత్రమే ఆలస్యం. పెసలు ఒకే రోజున ఒకే మడిలో చల్లినా, అన్నీ ఒకే గడియలో మొలకెత్తుతాయా?

పళ్ళ వరస

పాలపళ్ళు సాధారణంగా ఇట్లా వస్తాయి:

కింది దవడలో నడిమి కుంతకాలు రెండు – 6 నుంచి 10 నెలల లోపల.
పై దవడలో నడిమి కుంతకాలు రెండు – 8 నుంచి 12 నెలల లోపల.
వాటి పక్కనుండే కుంతకాలు నాలుగు – 9 నుంచి 16 నెలల లోపల.
మొదటి చర్వణకాలు నాలుగు – 13 నుంచి 19 నెలల లోపల.
రదనికలు, అంటే కోరపళ్ళు, నాలుగు – 16 నుంచి 23 నెలల లోపల.
రెండో చర్వణకాలు నాలుగు – 23 నుంచి 33 నెలల లోపల.

మొత్తం ఇరవై. మూడో ఏడు నిండేసరికి ఇవన్నీ నోట్లో ఉంటాయి.

దీన్ని గుర్తు పెట్టుకోవటానికి ఒక సులువైన లెక్క ఉన్నది. పాప వయసు ఎన్ని నెలలో చూసి, అందులోంచి ఆరు తీసివెయ్యండి. మిగిలిన అంకె సుమారుగా పళ్ళ సంఖ్య. ఏడాది పాపకు 12లోంచి 6 పోతే 6 పళ్ళు. పద్ధెనిమిది నెలల పాపకు 12 పళ్ళు. ఈ లెక్క రెండేళ్ళ దాకానే పనిచేస్తుంది, అదీ సుమారుగానే. దీన్ని పట్టుకుని పాప నోరు తెరిచి, "రెండు తక్కువైనాయి!" అని అమ్మను కంగారు పెట్టకండి.

ఎందుకంటే ఈ కాలాలు రైలు బండి వేళలు కావు. కొందరికి నాలుగో నెలలోనే పన్ను కనపడుతుంది. కొందరికి ఏడాది నిండేదాకా నోరు బోసిగానే ఉంటుంది. ఇద్దరూ ఆరోగ్యవంతులే. వరస కూడా ఒక్కొక్కరికి తారుమారవుతుంది.

తాతయ్య చెప్పినదాంట్లో నిజం ఉన్నది. పళ్ళు తొందరగా రావటం, ఆలస్యంగా రావటం చాలా వరకు వంశాన్ని బట్టి ఉంటుంది. తండ్రికో, తల్లికో ఆలస్యంగా వస్తే బిడ్డకూ అట్లాగే రావచ్చు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు మరో లెక్క వెయ్యాలి. రెండు నెలలు ముందుగా పుట్టిన పాపకు తొమ్మిదో నెలలో పన్ను వస్తే, అది ఏడో నెలలో వచ్చినట్టే. పుట్టినప్పుడు బరువు బాగా తక్కువ ఉన్న పిల్లలకూ, సరైన తిండి లేని పిల్లలకూ కొంత ఆలస్యమవుతుంది.

ముందు వస్తే గొప్పా?

పళ్ళతోనే పుట్టే పిల్లలు కూడా అరుదుగా ఉంటారు. 1638లో పుట్టిన ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ రెండు పళ్ళతో పుట్టాడని చెబుతారు. ఇలాటి పన్ను చాలా వరకు మామూలు పాలపన్నే. తొందరపడి ముందు వచ్చిందంతే. బాగా కదులుతూ, ఊడి గొంతులో పడేటట్టు ఉన్నా, తల్లి పాలు కుడిచేటప్పుడు గాయం చేస్తున్నా, డాక్టరుకు చూపించాలి. అంతకు మించి దాంట్లో శుభమూ లేదు, అశుభమూ లేదు.

మనవైపు మరొక మాట ఉన్నది. పై పళ్ళు ముందు వస్తే మేనమామకు గండమని. పాపం, మేనమామ ఎక్కడో తన పని తను చేసుకుంటూ ఉంటాడు. ఇక్కడ పాప పై దవడలో ఒక పన్ను వారం ముందు మొలిస్తే ఆయనకేమవుతుంది? పై పళ్ళు ముందు రావటం ప్రకృతిలో మామూలుగా జరిగే తేడాలలో ఒకటి. ఈ మాట పట్టుకుని పిల్లను కన్న తల్లిని నొప్పించటం మాత్రం నిజమైన తప్పు.

ఆలస్యమైతే ఏమవుతుంది?

మామూలు ఆలస్యం వల్ల ఏమీ కాదు. ఆలస్యంగా వచ్చిన పన్ను బలహీనంగా ఉండదు. పళ్ళకూ తెలివికీ సంబంధం లేదు. ముందు పళ్ళు వచ్చినవాడు ముందు మాట్లాడతాడనీ, ముందు నడుస్తాడనీ కూడా లేదు.

"పళ్ళు లేకుండా అన్నం ఎట్లా తింటాడు?" అని కొందరు తల్లులు ఏడో నెల, ఎనిమిదో నెల వచ్చినా ఉత్త పాలతోనే గడుపుతారు. ఇది సరి కాదు. ఆరు నెలలు నిండగానే, పన్ను ఉన్నా లేకపోయినా, పాలతో పాటు మెత్తని ఆహారం మొదలుపెట్టాలి. ముద్దపప్పుతో మెదిపిన అన్నం, ఉడికించి మెదిపిన కూరలు, అరటిపండు, ఇవి చిగుళ్ళతోనే నలుగుతాయి. ముందు పళ్ళు కొరకటానికే గాని నమలటానికి కావు గదా! నమిలే చర్వణకాలు ఎవరికైనా ఏడాది దాటాకనే వస్తాయి.

అయితే ఎంతకాలమైనా ఊరుకోవచ్చునా? ఊరుకోకూడదు. పదమూడు నెలలు నిండినా ఒక్క పన్నూ కనపడకపోతే, పాపను డాక్టరుకు ఒకసారి చూపించటం మంచిది. పద్ధెనిమిది నెలలు నిండినా రాకపోతే తప్పకుండా చూపించాలి. డాక్టరు పన్ను ఒక్కదాన్నే చూడడు. పాప బరువు పెరుగుతున్నదా, పొడుగు ఎదుగుతున్నదా, కూచుంటున్నదా, నిలబడుతున్నదా, పిలిస్తే పలుకుతున్నదా అని చూస్తాడు.

ఎందుకంటే, అరుదుగా, పన్ను ఆలస్యం కావటం వేరొక జబ్బుకు గుర్తుగా ఉంటుంది. మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి సరిగా పని చెయ్యకపోతే పాప మందకొడిగా ఉంటుంది, ఎదగదు, మలబద్ధకం ఉంటుంది, పళ్ళూ ఆలస్యమవుతాయి. దీనికి రోజూ వేసే మాత్ర ఉన్నది. అది ఎంత తొందరగా మొదలుపెడితే పాప మెదడు అంత చక్కగా ఎదుగుతుంది. విటమిన్ డి చాలకపోతే రికెట్స్ అనే వ్యాధి వచ్చి, ఎముకలు మెత్తబడి కాళ్ళు వంగుతాయి. పళ్ళు కూడా వెనకబడతాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు పళ్ళు ఆలస్యంగానే వస్తాయి. మరి కొందరికి పుట్టుకతోనే కొన్ని పన్ను మొగ్గలు ఉండవు. వారిలో కొందరికి చెమట కూడా పట్టదు గనక, ఎండ తగిలితే ఒళ్ళు కాలిపోతుంది.

ఇలాటివాటిలో పన్ను జబ్బు కాదు, జబ్బును చెప్పే జాడ మాత్రమే. పాప ఎదగటం లేదని, మెడ నిలపటం లేదని అనిపిస్తే పన్ను కోసం పదమూడు నెలలు కాచుకుని కూచోనక్కర లేదు, వెంటనే చూపించాలి. అట్లాగే పాప చక్కగా ఆడుతూ, తింటూ, ఎదుగుతూ ఉంటే ఎనిమిదో నెలలోనో, పదో నెలలోనో పన్ను రాలేదని కుంగిపోనక్కర లేదు.

పళ్ళ జ్వరం అనే అబద్ధం

అసలు ప్రమాదం పన్ను ఆలస్యం కావటంలో లేదు. ప్రతి జబ్బునూ పన్ను మీదికి నెట్టటంలో ఉన్నది.

"పళ్ళు వస్తున్నాయి, అందుకే జ్వరం. పళ్ళు వస్తున్నాయి, అందుకే విరేచనాలు," అనటం మనకు అలవాటు. ఇది మనకే కాదు, అన్ని దేశాలవాళ్ళకూ ఉండేది. 1839లో ఇంగ్లండు, వేల్సులలో 5,000 మందికి పైగా పసిపిల్లలు "పళ్ళు రావటం వల్ల" చనిపోయారని అక్కడి ప్రభుత్వ లెక్కలలో రాసుకున్నారు! నిజానికి ఆ పసివాళ్ళను చంపినవి వేరే జబ్బులు. నేరం మాత్రం పన్ను మీద పడింది.

అంతటితో పోలేదు. పళ్ళు సులువుగా రావాలని అక్కడ పిల్లలకు ఒక రకం పొడులు పట్టేవారు. వాటిలో పాదరసం కలిసి ఉండేది. కొంతమంది పిల్లలకు చేతులూ కాళ్ళూ ఎర్రబడి, ఒళ్ళంతా మంటలు పుట్టి, రాత్రింబవళ్ళు ఏడిచేవారు. ఆ జబ్బుకు "గులాబిరంగు జబ్బు" అని పేరు పెట్టారు గాని, కారణం చాలాకాలం ఎవరికీ అంతుబట్టలేదు. 1948లో అమెరికాలోని సిన్సినాటి నగరంలో జోసెఫ్ వార్కనీ, డోనాల్డ్ హబ్బర్డ్ అనే పరిశోధకులు ఇలాటి పిల్లల మూత్రంలో పాదరసం ఉన్నదని ప్రకటించారు. 1954లో బ్రిటనులో ఆ పొడుల నుంచి పాదరసం తీసేశారు. ఆ తరవాత ఆ జబ్బు దాదాపు మాయమైపోయింది. చూశారా, రాని జబ్బుకు మందు వేసి, లేని జబ్బును తెచ్చిపెట్టారన్నమాట!

మరి పళ్ళు వచ్చేటప్పుడు నిజంగా ఏమవుతుంది? 2000 సంవత్సరంలో అమెరికాలోని క్లీవ్‌లాండ్ డాక్టర్లు 125 మంది పిల్లల సంగతులు, తల్లిదండ్రులు రోజుకు రెండుసార్లు చొప్పున రాసి ఉంచిన వివరాలతో సరిచూశారు. పన్ను రావటానికి నాలుగు రోజుల ముందునుంచి, వచ్చాక మూడు రోజుల దాకా పిల్లలు చొంగ కార్చటం, చేతికందినదల్లా కొరకటం, చిగుళ్ళు రుద్దుకోవటం, చిరచిరలాడటం, తిండి కాస్త తగ్గించటం కనిపించింది. ఒళ్ళు కొంచెం వెచ్చబడటమూ ఉన్నది. కాని పెద్ద జ్వరానికీ పళ్ళకూ సంబంధం కనిపించలేదు.

అయితే సరిగ్గా అదే వయసులో జ్వరాలు ఎందుకు వస్తాయి? తల్లి కడుపులో ఉండగా ఆమె నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి ఆరో నెల నాటికి చాలావరకు తరిగిపోతుంది. పాప పాకటం మొదలుపెట్టి, నేల మీద దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటుంది. అందుచేత జబ్బులు వస్తాయి. అదే సమయంలో పన్నూ వస్తుంది. ఒకే బండిలో దిగిన ఇద్దరు ప్రయాణీకులు చుట్టాలు కానక్కర లేదు గదా!

కనక జ్వరం 100.4 డిగ్రీలు దాటితే, విరేచనాలు అవుతూ ఉంటే, పాప పాలు తాగకుండా నీరసంగా పడి ఉంటే, "పళ్ళు వస్తున్నాయిలే" అని ఊరుకోకూడదు. విరేచనాలకు ఓ.ఆర్.ఎస్. నీళ్ళు పడుతూ డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి.

చిగుళ్ళు దురద పెడుతూ ఉంటే శుభ్రంగా కడుక్కున్న వేలితో మెల్లిగా రుద్దవచ్చు. చల్లని నీటిలో తడిపిన శుభ్రమైన గుడ్డ కొరకటానికి ఇవ్వవచ్చు. చిగుళ్ళకు మొద్దుబారే మందు రాయకూడదు. అలాటి బెంజోకెయిన్ మందులు రెండేళ్ళ లోపు పిల్లలకు వాడవద్దని అమెరికా ఔషధ శాఖ 2018లో గట్టిగా హెచ్చరించింది. ఏడాది లోపు పిల్లలకు తేనె నాకించకూడదు. పళ్ళు సులువుగా రావాలని మెడకు పూసలు కట్టకూడదు. నిద్రలో మెడకు బిగిసినా, తెగి పూస గొంతులో పడినా ప్రాణం మీదికి వస్తుంది.

పళ్ళను చూసి వయసు చెప్పవచ్చునా?

మా కాలంలో చాలామందికి పుట్టినతేదీ కాగితాలు ఉండేవి కావు. బడిలో చేర్చటానికి పిల్లవాణ్ణి తెస్తే, కుడిచేతిని తలమీదుగా పోనిచ్చి ఎడమ చెవి అందుకోమనేవారు. అందితే బడి యీడు వచ్చినట్టే.

ఇంగ్లండులో ఇదే పనికి పళ్ళను వాడాలని చూశారు. తొమ్మిదేళ్ళు నిండని పిల్లలను బట్టల మిల్లులలో పనికి పెట్టరాదని అక్కడ 1833లో చట్టం చేశారు. కాని వయసు తేలేదెట్లా? పేద తల్లిదండ్రులు ఎనిమిదేళ్ళవాణ్ణి తొమ్మిదేళ్ళవాడనేవారు. 1837లో ఎడ్విన్ సాండర్స్ అనే దంతవైద్యుడు వేయికి పైగా పిల్లల పళ్ళు పరీక్షించి, వయసు చెప్పటానికి ఎత్తు కన్న పళ్ళే నయమని పార్లమెంటు సభ్యులకు ఒక పుస్తకం రాశాడు. చిన్నపిల్లల నోట్లోని పళ్ళు వాళ్ళకు సాక్ష్యం చెప్పాయన్నమాట. అయినా పళ్ళు సుమారు వయసే చెబుతాయి, పుట్టిన తేదీ చెప్పవు.

ఈ సంగతి ఒకటో తరగతిలోకి వెళ్ళి చూస్తే తెలుస్తుంది. బడిలో పని చేసిన ఏళ్ళలో నేను ఏటా చూసిన దృశ్యమే ఇది. అందరూ ఒక యీడు పిల్లలే. కొందరికి ముందు పళ్ళు ఊడి కిటికీలు పడి ఉండేవి. కొందరికి కొత్తవి రంపంలా మొలిచి ఉండేవి. కొందరికి ఒక్క పాలపన్నూ కదలలేదు. "నా పన్ను ఎప్పుడు ఊడుతుంది మాస్టారూ?" అని వాళ్ళకు ఒకటే దిగులు. వాళ్ళే ఐదో తరగతికి వచ్చేసరికి ఎవరివి ముందు ఊడాయో, ఎవరివి వెనక ఊడాయో ఎవరూ చెప్పలేరు.

పన్ను వచ్చిన తేదీ కన్న ముఖ్యమైనది

పన్ను ఎప్పుడు వచ్చిందనే దాని కన్న ఎట్లా తయారైంది, ఎట్లా కాపాడుకుంటున్నాం అనేది ముఖ్యం. పాప పాలపళ్ళ కోసం మనం ఎదురు చూస్తూ ఉండగానే, దవడ లోపల శాశ్వత దంతాలు తయారవుతూ ఉంటాయి. ఆ రోజుల్లో తాగే నీటిలో ఫ్లోరైడ్ మరీ ఎక్కువైతే వాటి పింగాణి చెడి, పళ్ళు గారపట్టి గోధుమరంగు మచ్చలతో వస్తాయి. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో డాక్టర్లు ఈ వ్యాధిని గుర్తించి రాశారు. నల్లగొండ జిల్లా ప్రజలు దీనివల్ల ఎంతకాలం బాధపడ్డారో మనకు తెలుసు. కనక పసిపిల్లల ఇంట్లో మంచినీటి మంచి చెడ్డలు తెలుసుకోవటం అవసరం.

మొదటి పన్ను కనపడిన రోజునుంచే దాన్ని శుభ్రం చెయ్యాలి. పాలసీసా నోట్లో పెట్టి పాపను నిద్రపుచ్చకూడదు. పాలలోని తీపి రాత్రంతా పళ్ళను పట్టుకుని పుచ్చిపోయేలా చేస్తుంది. "పాలపళ్ళేగా, ఎట్లాగూ ఊడిపోతాయి," అనరాదు. పాలపళ్ళు వెనక వచ్చే పళ్ళకు చోటు కాచి ఉంచుతాయి.

ఇక మీకొక మాట. ఆరేళ్ళ వయసులో, పాలపళ్ళ వరసకు వెనకగా, ఏ పన్నూ ఊడకుండానే నాలుగు కొత్త చర్వణకాలు వస్తాయి. చాలామంది వాటిని పాలపళ్ళే అనుకుని అశ్రద్ధ చేస్తారు. అవి శాశ్వత దంతాలు! పోతే మళ్ళీ రావు. ఇవాళ అద్దం ముందు నోరు తెరిచి చూసుకోండి.

ఇంట్లో చంటిపాప ఉంటే ఒక నోటుపుస్తకంలో రెండు దవడలు గీసి, ఇరవై గళ్ళు పెట్టండి. పన్ను వచ్చినప్పుడల్లా ఆ గడిలో తేదీ వెయ్యండి. పక్కనే పాప బరువు కూడా రాయండి. నాయనమ్మ మళ్ళీ "పన్ను రాలేదేమిటి?" అంటే ఆ పుస్తకం చూపించండి. పాప బరువు పెరుగుతూ, ఆడుతూ, నవ్వుతూ ఉంటే, ఖాళీగా ఉన్న గళ్ళు వాటంతట అవే నిండుతాయి.